ముల్లు 14 దగ్గరే ఎందుకు ఆగుతుంది? పాత షెవర్లే లారీ ఇంజిన్ కథ

పాత బండ్ల చరిత్ర మీద మనం చెప్పుకుంటున్న మాటల్లో ఇవాళ చరిత్ర సగం, గ్రీజు సగం. కిందటి ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు రాశాడు. వాళ్ల తాతగారి షెవర్లే లారీ ఉందట, 1948 మోడల్. చాలా ఏళ్లు చింతచెట్టు కింద పడి ఉన్నదాన్ని మళ్లీ లేపాడు. స్టార్ట్ అవుతోంది, నడుస్తోంది. కానీ ఆయిల్ గేజ్ ముల్లు 14 దాటి పైకి పోవడం లేదు. ఇంజిన్ వేడెక్కాక లోపల ఎక్కడో ‘టక్ టక్’ అని కొడుతోంది. షెడ్డుకి తీసుకెళ్తే, "ఆయిల్ ప్రెజర్ లేదు, బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాలి, క్రాంక్ లేత్‌కి పంపాలి" అన్నారట. "అన్నా, దించమంటావా?" అని అడిగాడు.

ఆ షెడ్డు ఆయన తెలియక చెప్పాడని నేను అనను. ఇవాళ్టి లారీల లెక్కలో ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు సబబు. కానీ ఈ ఇంజిన్ వేరే కాలంలో పుట్టింది. ఆ కాలం లెక్క తెలియకుండా దీన్ని విప్పితే, బాగున్న భాగాలు మార్చేసి, పోయిన భాగాన్ని అలాగే వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే కొంచెం వెనక్కి వెళ్దాం.

ముందు బేరింగ్ సంగతి. ఇనుప షాఫ్టు ఇనుము మీదే తిరిగితే రెండూ తినేసుకుంటాయి. మధ్యలో మెత్తటి లోహం ఏదైనా ఉండాలి. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మసాచుసెట్స్‌లోని టాంటన్ ఊళ్లో కంసాలి పని నేర్చినవాడు. తగరంలో కొంచెం ఆంటిమొని, కొంచెం రాగి కలిపాడు. పాళ్లు దాదాపు 89, 7, 4 అనుకోండి. తమాషా ఏంటంటే, ఆయన పేటెంట్‌లో అసలు గొప్పగా చెప్పుకున్నది ఈ లోహం గురించి కాదు. మెత్తటి లోహాన్ని పట్టి ఉంచే గూడు ఎలా చెయ్యాలన్నదాని గురించి. లోకం మాత్రం గూడుని మర్చిపోయి లోహానికి ఆయన పేరు పెట్టింది. మన షెడ్లలో దాన్నే వైట్ మెటల్ అంటారు.

మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పోయించేవాళ్లు చూడండి, గిన్నె వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరం పూసేవాళ్లు. బాబిట్ పోసే పని దానికి చుట్టమే. కనెక్టింగ్ రాడ్ పెద్ద కన్నం లోపల ముందు తగరం పూత అంటించాలి. ఆ పూత సరిగ్గా పట్టకపోతే మీద పోసిన వైట్ మెటల్ కొన్నాళ్లకు పెచ్చులూడి వస్తుంది. పాత మేస్త్రీలు రాడ్‌ని చేత్తో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి వినేవాళ్లు. గంటలా మోగితే పట్టింది, బొద్దుగా మోగితే పట్టలేదు.

ఇక ఆయిల్. బేరింగ్ మధ్య ఆయిల్ ఏం చేస్తుందో 1880ల దాకా ఎవరికీ సరిగ్గా తెలియదంటే నమ్ముతారా? ఇంగ్లండులో మెకానికల్ ఇంజినీర్ల సంస్థ ఘర్షణ మీద పరిశోధన చెయ్యమని బోషాంప్ టవర్ అనే ఇంజినీరుని పెట్టింది. ఆయన రైలు ఇరుసు లాంటి షాఫ్టు మీద పైనుంచి సగం బేరింగ్ బోర్లించి, కింద ఆయిల్ తొట్టి పెట్టి తిప్పాడు. ఆయిల్ పోయడానికి బేరింగ్ నడినెత్తిన ఒక కన్నం ఉంది. షాఫ్టు తిరగ్గానే ఆ కన్నంలోంచి ఆయిల్ పైకి తన్నుకొచ్చింది. చెక్క బిరడా కొట్టాడు. బిరడా ఊడి వచ్చింది. చివరికి అక్కడో ప్రెజర్ గేజ్ బిగించాడు. బేరింగ్ మీద పడే బరువు సగటున చదరపు అంగుళానికి 100 పౌండ్లు ఉంటే, గేజ్ 200 దాటిపోయింది. అక్కడ పంపు లేదు! తిరిగే షాఫ్టే ఆయిల్‌ని తన కిందకి లాక్కుని, సన్నటి చీలలా దూర్చుకుని, దాని మీద తేలుతోంది. దాని గణితం 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ రాశాడు.

ఈ ముక్క గట్టిగా పట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. షాఫ్టుని మోసేది పంపు ప్రెజర్ కాదు. పంపు పని ఆయిల్‌ని గుమ్మం దాకా తెచ్చి పెట్టడం. లోపలికి లాక్కుని బరువు మోయించుకోవడం షాఫ్టు పని.

అందుకే ఫోర్డ్ మోడల్ టీ, 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైన బండి, అసలు ఆయిల్ పంపే లేకుండా నడిచింది. డాష్ మీద ఆయిల్ గేజూ లేదు. ఫ్లైవీల్ తిరుగుతూ ఆయిల్ చిమ్మేది, కొంత ఒక గొట్టంలో ముందుకి పారేది, మిగతాది క్రాంక్ దరువుకి ఎగిరేది. ఆయిల్ ఉందా లేదా చూడాలంటే బండి కిందకి దూరి రెండు చిన్న కుళాయిలు ఉంటే అవి తిప్పి చూడాలి. పై కుళాయిలోంచి కారితే నిండుగా ఉన్నట్టు, కింద కుళాయిలోంచి కూడా రాకపోతే గండమే.

దీనికి పోటీగా షెవర్లే 1929లో ఆరు సిలిండర్ల ఇంజిన్ దించింది, నాలుగు సిలిండర్ల ధరకే ఆరు అని ప్రచారం చేసుకుంటూ. దాని వారసుడే 1937లో వచ్చిన 216 క్యూబిక్ అంగుళాల ఇంజిన్. కార్లలో, లారీల్లో రెండింట్లో వేశారు. లారీల్లో 1953 దాకా నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా తయారు చేసిన 8 లక్షలకు పైగా మిలిటరీ బండ్లలో షెవర్లే లారీలకు ఇదే ఇంజిన్. బర్మా యుద్ధం కోసం వాటిలో కొన్ని మన దేశానికి వచ్చాయి. జనరల్ మోటార్స్‌కి 1928 నుంచే బొంబాయిలో అసెంబ్లీ ఫ్యాక్టరీ ఉంది. యుద్ధం అయ్యాక మిలిటరీ డిస్పోజల్ వేలాల్లో ఆ లారీలు కొని, చెక్క బాడీలు కట్టించి, ధాన్యానికీ కలపకీ తిప్పిన సంగతి మన పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. కొన్నిటికి బస్సు బాడీలు కూడా కట్టారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ 216 ఇంజిన్‌లో పంపు ఉంది, గేజూ ఉంది. కానీ పంపు ప్రెజర్‌తో ఆయిల్ వెళ్లేది నాలుగు మెయిన్ బేరింగులకీ, క్యామ్ షాఫ్టుకీ. కనెక్టింగ్ రాడ్లకు మాత్రం ఆ దారి లేదు. క్రాంక్‌లో వాటికి కన్నాలు తొలవలేదు. మరి రాడ్లకి ఆయిల్ ఎలా? ఛాంబర్ లోపల ఒక్కో రాడ్ కింద ఒక చిన్న తొట్టి ఉంటుంది. రాడ్ అడుగున గరిటెలాంటి ముక్క ఒకటి, డిప్పర్ అంటారు. ప్రతి చుట్టుకీ అది తొట్టిలో మునిగి ఆయిల్ తోడుకుంటుంది. స్పీడు పెరిగితే గరిటె తోడుకునేలోపే దాటిపోతుంది కదా, అందుకని తొట్టి పక్కన సన్నటి నాజిల్ పెట్టారు. అందులోంచి ధారగా వచ్చే ఆయిల్ సరిగ్గా గరిటె నోట్లో పడాలి. నాజిల్ కొంచెం వంకర పోయినా ధార గురి తప్పుతుంది. ఆ గురి చూడటానికి కంపెనీ షెడ్లలో ప్రత్యేకంగా ఒక పనిముట్టే ఉండేది.

ఇలాంటి ఏర్పాటుకి పెద్ద ప్రెజర్ అక్కర్లేదు. డాష్ మీద గేజ్ చూడండి, 30 దాకానే అంకెలు ఉంటాయి. రోడ్డు మీద వేడిగా నడుస్తున్నప్పుడు ముల్లు 14 దగ్గర నిలబడితే ఆ ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నెమ్మదిగా ఐడిలింగ్‌లో ఇంకా కిందకి దిగుతుంది, అదీ మామూలే. తమ్ముడూ, నీ ముల్లు నీకు చెడ్డవార్త ఏమీ చెప్పడం లేదు.

మరి 14 అంటే జబ్బు అని మన షెడ్లకి ఎక్కడి నుంచి వచ్చింది? 1954లో టాటా వాళ్లు డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీలు మొదలెట్టారు. మద్రాసు దగ్గర అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, విడిభాగాలు తెచ్చి బిగించడం కాదు, ఇక్కడే తయారు చెయ్యాలని ప్రభుత్వం పట్టుబట్టడంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్ అసెంబ్లీ మూసుకుని వెళ్లిపోయాయి. డీజిల్ ఇంజిన్లో రాడ్లతో సహా ప్రతి బేరింగుకీ క్రాంక్ లోపలి కన్నాల గుండా ప్రెజర్‌తో ఆయిల్ వెళ్తుంది. వైట్ మెటల్ పోసే పని పోయి, తీసి పెట్టుకునే పల్చటి షెల్ బేరింగులు వచ్చాయి. షెవర్లే కూడా 1953లో కొన్ని కార్లలో, 1954 నుంచి అన్నిటిలో ఈ పద్ధతికే మారింది. మన మేస్త్రీల మూడు తరాలు నేర్చుకున్నది ఈ ఇంజిన్ల మీదే. ఆ కొలబద్దే చేతిలో మిగిలింది.

ఇక్కడే తిరకాసు ఉంది. కొత్త పద్ధతి ఇంజిన్‌లో రాడ్ బేరింగ్ అరిగితే సందు పెరుగుతుంది, ఆ సందులోంచి ఆయిల్ కారిపోతుంది, గేజ్ పడిపోతుంది. శబ్దమూ, ముల్లూ రెండూ కలిసి సాక్ష్యం చెబుతాయి. 216లో అలా కాదు. రాడ్ బేరింగ్ పూర్తిగా కొట్టేసినా ముల్లు 14 దగ్గర నిశ్చింతగా నిలబడే ఉంటుంది, ఎందుకంటే గేజ్‌కి రాడ్ల సంగతే తెలియదు. అంటే 14 ఉంది కాబట్టి భయం లేదు అనుకోవడమూ తప్పే. ఈ బండిలో ముల్లు మెయిన్ బేరింగులకీ, క్యామ్ బేరింగులకీ, పంపుకీ సాక్షి. రాడ్లకి సాక్షి చెవి ఒక్కటే.

చెవి అన్నాం కాబట్టి, కొట్టుకోవడం అనే మాటలో ఉన్న గందరగోళం కూడా తీర్చేద్దాం. ఇంగ్లీషులో నాక్ అన్నా మనం కొడుతోంది అన్నా, రెండు వేరు జబ్బులకి ఒకే పేరు. ఒకటి బేరింగ్ జబ్బు. ఇంకోటి పెట్రోల్ జబ్బు. సిలిండర్‌లో మంట వరసగా పాకకుండా చివర మిగిలిన గ్యాస్ ఒక్కసారిగా పేలితే వచ్చే మోత అది. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు మీద లాగేటప్పుడు వినపడుతుంది.

ఈ రెండో నాక్ చరిత్ర మన ఊపిరితిత్తుల దాకా వచ్చింది. చార్లెస్ కెట్టరింగ్ తయారు చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్, బ్యాటరీ ఇగ్నిషన్ 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చాయి. ఇంజిన్ మోతకి కారణం ఆ ఇగ్నిషనే అని జనం నింద వేశారు. కెట్టరింగ్ దగ్గర 1916లో చేరిన థామస్ మిడ్జ్‌లీకి ఆ చిక్కు విప్పే పని అప్పగించారు. ఇంధనానికి ఎర్ర రంగు వేస్తే వేడిని త్వరగా పీల్చుకుని ముందే ఆవిరవుతుందేమో అని వాళ్ల ఊహ. స్టోరులో నూనెలో కరిగే ఎర్ర రంగు లేకపోతే అయోడిన్ కలిపాడు. మోత తగ్గింది! తర్వాత అసలైన ఎర్ర రంగులు తెచ్చి కలిపితే ఏమీ జరగలేదు. పని చేసింది ఎరుపు కాదు, అయోడిన్. ఆ దారిలో వెతుక్కుంటూ పోయి 1921 డిసెంబరు 9న టెట్రాఈథైల్ లెడ్ దగ్గర ఆగారు. సీసం విషం అని అప్పటికే తెలుసు. ఆల్కహాల్ కలిపినా మోత తగ్గుతుందనీ తెలుసు. అయినా 1923లో సీసం పెట్రోల్ అమ్మకానికి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో దాన్ని తయారు చేసేచోట అయిదుగురు పనివాళ్లు విషం ఎక్కి, మతి చెలించి చనిపోయారు. అయినా ఆగలేదు. మన దేశంలో సీసం లేని పెట్రోల్ అంతటా వచ్చింది 2000లో. దీన్ని చిన్న పొరపాటు అనడానికి నాకు నోరు రాదు. తెలిసి చేసింది.

షెవర్లే దగ్గరికి వస్తే, ఈ ఇంజిన్ కంప్రెషన్ తక్కువ, ఆరున్నరకి ఒకటి చొప్పున. ఆ రోజుల నాసిరకం పెట్రోల్‌ కోసం డిస్ట్రిబ్యూటర్ కింద ఆక్టేన్ సెలెక్టర్ అని చిన్న సర్దుబాటు పెట్టారు. టైమింగ్ అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇవాళ్టి పెట్రోల్‌కి ఇది గులకరాళ్ల మోత చెయ్యకూడదు. చేస్తే టైమింగ్ ముందుకి పోయిందనో, లోపల మసి గడ్డ కట్టిందనో అర్థం. టైమింగ్ కొంచెం వెనక్కి జరపగానే మోత ఆగితే బేరింగుల జోలికే పోనక్కర్లేదు.

ఆగకపోతే? ఇంజిన్ విప్పకముందు చెయ్యాల్సినవి ఉన్నాయి. నేనైతే మొట్టమొదట డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తాను. ఈ లారీలో పెట్రోల్ పంపు ఇంజిన్ పక్కనే ఉంటుంది, లోపల డయాఫ్రమ్. ఏళ్ల తరబడి పడి ఉన్న బండిలో అది ఎండి పగులుతుంది. పెట్రోల్ నేరుగా ఆయిల్‌లోకి కారుతుంది. ఆయిల్ పల్చబడి చారులా అవుతుంది, మట్టం పెరుగుతుంది, ప్రెజర్ పడుతుంది, బేరింగులు అరవడం మొదలెడతాయి. కొన్నేళ్ల కిందట ఒక రైస్ మిల్లు వెనక ఇలాంటి లారీనే చూశాను. ఇంజిన్ దించడానికి చెయిన్ బ్లాక్ కూడా కట్టేశారు. డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ గుర్తుకి రెండు వేళ్ల ఎత్తున ఉంది, గుప్పున పెట్రోల్ వాసన. డయాఫ్రమ్ మార్చి, ఆయిల్ మార్చారు. సగం మోత అక్కడే పోయింది. మిగతా సగం ఒక రాడ్‌ది, దాని సంగతి చెబుతాను.

తర్వాత గేజ్‌నే అనుమానించాలి. ఇది కరెంటు గేజ్ కాదు. ఇంజిన్ నుంచి సన్నటి గొట్టంలో ఆయిలే నేరుగా డాష్ దాకా వస్తుంది. లోపల వంచిన రేకు గొట్టం ఒకటి ప్రెజర్‌కి విచ్చుకుని ముల్లుని తిప్పుతుంది. 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బూర్డాన్ పేటెంట్ తీసుకున్న ఉపాయం అది. గొట్టం నొక్కుకుపోయినా, లోపల జిడ్డు పేరుకున్నా ముల్లు అబద్ధం చెబుతుంది. ఇంకో మంచి గేజ్ బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడండి.

ఇప్పుడు చెవి పని. చెక్క పిడి ఉన్న పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని, పిడి చెవి దగ్గర, మొన ఇంజిన్ బాడీ మీద. ఫ్యాన్‌కి బట్టలు, చేతులు దూరంగా. పైన సన్నగా, క్రాంక్ వేగంలో సగం లెక్కన టిక్ టిక్ అంటే టాపెట్, కంగారు లేదు. చల్లగా ఉన్నప్పుడు కొట్టి వేడెక్కాక తగ్గితే పిస్టన్ బోరులో ఆడుతోంది, ఇంకా చాలాకాలం నడుస్తుంది. లోతుగా, బరువు మీద ‘దబ్ దబ్’ అంటే మెయిన్ బేరింగ్, దానికి ముల్లు కూడా తోడు పలుకుతుంది. యాక్సిలరేటర్ పెంచి ఒక్కసారి వదిలినప్పుడు గబగబా ‘టకటక’మంటే రాడ్.

ఏ రాడ్? ఐడిలింగ్ కంటే కొంచెం ఎక్కువ స్పీడు మీద ఒక్కో ప్లగ్గుని వరసగా ఆపుతూ రండి. అదే చెక్క పిడి స్క్రూడ్రైవర్‌తో ప్లగ్ తలని ఇంజిన్ బాడీకి తాకిస్తే ఆ సిలిండర్ ఫైరింగ్ ఆగుతుంది, రాడ్ మీద దెబ్బ తగ్గుతుంది. ఎక్కడ మోత చప్పున తగ్గిందో అదే దోషి. పక్కపక్క రెండు సిలిండర్లు కలిపి ఆపితేనే తగ్గితే ఆ రెంటి మధ్య ఉన్న మెయిన్ మీద అనుమానం. డీజిల్ లారీకైతే ప్లగ్గులుండవు కాబట్టి ఇంజెక్టర్ పైపు నట్ లూజు చేసి చూస్తారు, కళ్లు జాగ్రత్త.

రాడ్ దొరికిందా? ఇంజిన్ దించనక్కర్లేదు. ఆయిల్ వదిలేసి ఛాంబర్ మాత్రం దించండి. ఆ మిల్లు లారీలో దించితే కనపడింది: ఒక తొట్టి నిండా మడ్డి గట్టిపడి ఉంది, దాని నాజిల్ మూసుకుపోయింది. ఆ సిలిండర్ రాడ్ ఆయిల్ లేక అల్లాడింది. పంపుకి గట్టి స్ప్రింగు వేసి ప్రెజర్ పెంచి ఉంటే ముల్లు పైకి లేచేది, ఆ రాడ్ గొంతు మాత్రం తడిసేది కాదు. టవర్ బిరడా గుర్తుందా? గుమ్మం దాకా ఆయిల్ రావాలి, అంతే.

రాడ్ టోపీకి రెండు పక్కలా పల్చటి షిమ్‌లు ఉంటాయి, రేకు ముక్కలు. వైట్ మెటల్ పగలకుండా అరిగి మాత్రమే ఉంటే, పక్కకి ఒక్కోటి చొప్పున తీసి టోపీ బిగిస్తే సందు తగ్గుతుంది. అందుకోసమే వాటిని పెట్టారు. ఒక పూట పని. మరీ బిగిస్తే సీజ్ అవుతుంది, కాబట్టి ప్రతిసారీ చేత్తో రాడ్ ఆడించి చూసుకోవాలి. వైట్ మెటల్ పెచ్చులూడితే మాత్రం షిమ్‌లతో సర్దడం మోసం, మళ్లీ పోయించాల్సిందే. ఈ పని చేసేవాళ్లు ఇప్పుడు తక్కువ. పాత పంపుసెట్లకీ, స్టేషనరీ ఇంజిన్లకీ వైట్ మెటల్ పోసే లేత్ షాపులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి, అడిగితే దొరుకుతారు. ఛాంబర్ తిరిగి ఎక్కించేటప్పుడు గరిటెల నోరు క్రాంక్ తిరిగే వైపుకే ఉందో లేదో చూడటం మర్చిపోకండి. తిరగేసి బిగిస్తే తోడుకోదు.

చివరిగా ఒక్కటి. పాత లారీల్లో ఇంజిన్లు మారిపోతూ వచ్చాయి. బాడీ 1948 అయినా లోపల 1954 తర్వాతి 235 ఇంజిన్ ఉండొచ్చు. అది పూర్తి ప్రెజర్ ఇంజిన్, దానికి వేడి మీద రోడ్డులో 14 అంటే నిజంగానే జబ్బు. తేడా పట్టడానికి ప్లగ్గుల వైపు చూడండి. 216కి సాధారణంగా పక్క రేకు మూత పొడుగ్గా పైదాకా వచ్చి, ప్లగ్గులు ఆ మూతలోని కన్నాల్లోంచి బయటికి కనపడతాయి. తర్వాతి 235కి ఆ మూత పొట్టిగా ప్లగ్గుల కిందే ఆగిపోతుంది. తమ్ముడూ, ముందు ఆ ఫోటో తీసి పంపు. ఛాంబర్ సంగతి తర్వాత మాట్లాడదాం.